నిందితుడు శ్రీ ఉద్దండరాయలవారు

పైడిదుర్గమనే రాజ్యం ఒకటి ఉండేది. దానిని ఉద్దండరాయలు ఏలుతుండేవాడు. ఆయన చెడ్డవాడేమీ కాడు. చెరువులు తవ్వించాడు, బాటల వెంట చలివేంద్రాలు పెట్టించాడు, పన్నుల కోసం ఎవరినీ పీడించలేదు. ఉన్న లోపమల్లా ఒక్కటే. తనకు తెలియని సంగతి ఈ భూమి మీద ఒకటి ఉందంటే ఒప్పుకునేవాడు కాడు.

ఆయన కొలువుకు వస్తుంటే వందిమాగధులు ముందు నడుస్తూ బిరుదులు చదివేవారు. అరిభయంకర, శాస్త్రపారంగత, సంగీతసముద్ర, న్యాయభాస్కర అంటూ మొదలుపెడితే, అది పూర్తయ్యేలోగా మొర పెట్టుకోవడానికి వచ్చినవాళ్ళు గోడకు చేరగిలబడి ఒక కునుకు తీసి లేచేవారు. ఆ బిరుదులన్నీ రాజుగారు తనకు తానే ఇచ్చుకున్నవి.

ఆ కొలువులో పేరిభట్టు అని ఒకడు ఉండేవాడు. మనిషి పొట్టి, సన్నం. ధర్మశాస్త్రాలు చదివినవాడు, మాట పదును గలవాడు. తగాదాలు విచారణకు వచ్చినప్పుడు రాజు పక్కన నిలబడి, వచ్చినవాళ్ళలో ఎవరు ఎవరో, సంగతేమిటో విన్నవించడం అతని పని.

ఒకనాడు ఊరి చివర ఉండే చౌడమ్మ అనే ముసలామె కొలువుకు వచ్చింది. ఆమె పాడిమేక కనబడకుండా పోయింది. మేక మెడతాడు పక్కింటి కుమ్మరి బసివయ్య దొడ్లో దొరికింది. బసివయ్యే మేకను కాజేశాడని ఆమె అభియోగం. ఆ పక్కనే తాళ్ళతోపులో కల్లు గీసే ఓబన్న చెట్టు మీది నుంచి ఏదో చూశాడని తెలిసి భటులు అతన్నీ పిలుచుకొచ్చారు. ముగ్గురూ వరసగా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

రాజుగారికి ఆ పూట తొందరగా ఉంది. పేరిభట్టు నోరు తెరిచేలోపే ఆయన చౌడమ్మ వైపు తిరిగి ఉరిమాడు.

"ఓసీ ముసలిదానా! ఈ వయసులో మేకను దొంగిలించడానికి నీకు చేతులెలా వచ్చాయే?"

చౌడమ్మ బిత్తరపోయింది. "అయ్యో దొరా, అది నా మేక! నా మేకను నేనెందుకు దొంగిలించుకుంటాను?"

కొలువులో ఎవరో కిసుక్కున నవ్వారు. పేరిభట్టు మెల్లగా, "ప్రభూ, ఆమె ఫిర్యాది. మేకను పోగొట్టుకున్నది ఆమే" అన్నాడు.

"మాకు తెలుసు!" అని రాజు ఓబన్న వైపు తిరిగాడు. "ఏరా, కల్లు తాగిన మైకంలో మేకను తోలుకుపోయావా?"

"అతడు సాక్షి ప్రభూ. చూసింది చెప్పడానికి వచ్చాడు."

ఈసారి నవ్వినవాళ్ళు ఎక్కువయ్యారు. రాజు ముఖం ఎర్రబడింది. మిగిలినవాడు బసివయ్య ఒక్కడే. అతని వైపు వేలు చూపించి, "అయితే వీడే దోషి!" అన్నాడు.

"ఇంకా కాలేదు ప్రభూ. ఇప్పటికి నిందితుడు మాత్రమే. విచారణ జరిగి, నేరం రుజువైతేనే దోషి."

అంతే. కొలువు కొలువంతా నవ్వింది. చామరాలు వీచే స్త్రీలు కూడా చామరాలు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఉద్దండరాయలు సింహాసనం మీది నుంచి లేచి నిలబడ్డాడు. "చాలు! పొలంగట్టు తగాదా అయితే వాది, ప్రతివాది అంటారు. దొంగతనమైతే ఫిర్యాది, నిందితుడు అంటారు. మళ్ళీ సాక్షి ఒకడు. ఇన్ని మాటలెందుకయ్యా? ఇవన్నీ పనిలేని పండితులు కల్పించినవి. ఇవాళ్టి నుంచి మా రాజ్యంలో ఒక్కటే మాట. తగాదాలో తలదూర్చి మా కొలువు గడప తొక్కిన ప్రతివాడూ దోషే! తప్పు లేనివాడు హాయిగా ఇంట్లో కూర్చుంటాడు గాని ఇక్కడికెందుకు వస్తాడు? ఈ ముగ్గురినీ చెరలో వేయండి!"

కొలువువారు ఆహా ఓహో అన్నారు. ఓబన్న ఏదో చెప్పబోయాడు. చెప్పేలోపే భటులు రెక్క పట్టుకుని లాక్కుపోయారు.

ఆ రోజుతో పైడిదుర్గంలో తగాదాలు ఆగిపోయాయి. అంటే తగాదాలు ఆగలేదు, కొలువుకు రావడం ఆగింది. పట్టపగలు అంగడి వీధిలో ఒక దొంగ బట్టల మూట నెత్తిన పెట్టుకుని పరుగెత్తితే, ఇరువైపులా ఉన్న జనం గోడల వైపు తిరిగి నిలబడ్డారు. కొట్టు యజమాని మైలారయ్య అయితే, "దొంగతనమా? అబ్బే! చలువ చేయించడానికి నేనే పంపాను" అని నవ్వి, లోపలికి పోయి తలుపేసుకుని ఏడ్చాడు.

ఇదేమీ ఎరగని ఉద్దండరాయలు పొంగిపోయాడు. "చూశారా! ఒక్క మాటతో మా రాజ్యంలో నేరమనేది లేకుండా చేశాం" అని నేరాంతకుడనే కొత్త బిరుదు కూడా చేర్చుకున్నాడు. మొర పెట్టుకునేవాళ్ళు రాకపోయేసరికి ఆ కునుకు ఇప్పుడు కొలువువారే తీసేవారు, అదీ మరికాస్త పొడుగ్గా.

పేరిభట్టుకు మాత్రం అన్నం సయించలేదు. తాను నలుగురిలో రాజును సరిదిద్దబట్టే కదా ఆ ముగ్గురికీ ఈ గతి పట్టిందని మథనపడ్డాడు. ఒకనాటి ఉదయం చెరసాలకు వెళ్ళాడు.

అక్కడ వసారాలో ఈ చివర చౌడమ్మను, ఆ చివర బసివయ్యను, నడుమ ఓబన్నను కూర్చోబెట్టారు. చౌడమ్మ తెల్లవారిన దగ్గర నుంచి బసివయ్యను తిడుతోంది. ఓబన్న రెండు చెవులూ మూసుకుని కూర్చున్నాడు.

"ఓబన్నా, ఆ రోజు చెట్టు మీది నుంచి ఏం చూశావు?" అని అడిగాడు పేరిభట్టు.

ఓబన్న చెవుల మీది చేతులు తీశాడు. "హమ్మయ్య, అడిగేవాడు ఒకడొచ్చాడు! అడిగితే ఆ రోజే చెప్పేవాణ్ణి సామీ. అడగకుండానే గొళ్ళెం పెట్టారు. మేకను ఎత్తుకుపోయింది బసివయ్య కాదు, చిరుతపులి. గుట్ట మీది నుంచి దిగి, మేక మెడ పట్టుకుని, బసివయ్య దొడ్డి కంపమీదుగా దూకి పోయింది. తాడు ఆ కంపకు చిక్కుకుని తెగి పడింది. పైనున్నవాణ్ణి, అంతా కనబడింది. కాళ్ళు వణికి దిగడానికి కూడా చాతకాలేదు."

చౌడమ్మ తిట్టడం ఆపింది. "ఇన్నాళ్ళూ పక్కనే ఉండి నాకు చెప్పలేదేంరా?"

"నువ్వు చెప్పనిస్తే గదా పెద్దమ్మా!"

పేరిభట్టు నేరుగా రాజు దగ్గరికి వెళ్ళి జరిగింది విన్నవించాడు. రాజు చెయ్యి ఊపేశాడు. "ఆ మాట చెప్పిందెవరు? ఓబన్న. ఓబన్న ఎవరు? దోషి. దోషి మాట మేము వినం. ఇంకొక్కసారి వాళ్ళ తరఫున నోరెత్తావా, వసారాలో నాలుగో చోటు నీది."

పేరిభట్టు నోరు మూసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ వేయడంలోనే అతనికొక ఉపాయం తోచింది.

"సరే ప్రభూ, మేక సంగతి వదిలేద్దాం. కాని గుట్ట దగ్గర చిరుత తిరుగుతున్న మాట నిజం. తమ బావమరిది తిప్పరాజుగారు ఒకటి రెండు రోజుల్లో అక్కగారిని చూడటానికి వస్తున్నారట. ఆయన వచ్చేసరికి సింహాసనం ముందు చిరుతచర్మం పరిచి ఉంటే..." అని మాట అక్కడ ఆపాడు.

రాజు కళ్ళు మెరిశాయి. నల్లకోనను ఏలే తిప్పరాజు మహా వేటగాడు. వచ్చినప్పుడల్లా, "ఏం బావగారూ, ఈ ఏడు ఏమైనా కొట్టారా? పోనీ కుందేలు?" అని ఎగతాళి చేస్తుంటాడు. ఉద్దండరాయలు ఆ క్షణంలోనే ఈటె తెమ్మన్నాడు.

మర్నాడు పరివారంతో వేటకు బయలుదేరారు. పేరిభట్టుకు వేట చేతకాదు గనక గుట్ట కింద గుర్రాల దగ్గర ఉండిపోయాడు. కాసేపటికి పైనుంచి డప్పుల మోత, తరవాత ఒక కేక వినిపించాయి. పరుగున వెళ్ళి చూస్తే పెద్ద చిరుత నేలకొరిగి ఉంది. గుండెలో రాజుగారి ఈటె దిగి ఉంది. రాజుగారు దాని పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ముఖం మాత్రం ఇంకా తెల్లగా ఉంది.

తిరుగుదారిలో పేరిభట్టు ఈటెలు మోసే ముసలి అంకన్న పక్కన చేరాడు.

"అంకన్నా, చిరుత పడటం నువ్వు కళ్ళారా చూశావా?"

"చూడకేం స్వామీ! ప్రభువు పక్కనే ఉన్నాను గదా."

"రేపు ఎవరైనా అడిగితే చెబుతావన్నమాట."

"చెప్పనా మరి!"

"చెప్పు, చెప్పు. చూసింది చెప్పేవాణ్ణి సాక్షి అంటారు. మన రాజ్యంలో సాక్షి ఎక్కడ ఉంటాడో నీకు తెలుసు గదా. ఏదో గుర్తుచేశాను, అంతే."

అంకన్న చప్పున అటూ ఇటూ చూసి ఈటెల మోపు భుజం మార్చుకున్నాడు. పేరిభట్టు అక్కడి నుంచి గొడుగు పట్టేవాడి దగ్గరికి నడిచాడు. కోట చేరేలోగా పరివారంలో ప్రతివాణ్ణీ పలకరించాడు.

మరునాడే తిప్పరాజు వచ్చాడు. అక్కగారి చేతి భోజనం చేసి, మీసాలు దువ్వుకుంటూ కొలువులో అడుగుపెట్టాడు. సింహాసనం ముందు చిరుతచర్మం చూసి ఆగిపోయాడు.

"ఇదెక్కడిది బావగారూ?"

"మేమే కొట్టాం" అన్నాడు ఉద్దండరాయలు, పైకప్పు వైపు చూస్తూ. "ఒకే ఒక్క ఈటెపోటు."

తిప్పరాజు వంగి చర్మాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఉన్నది ఒకే గాయం. "ఇంత గురి తమదంటే నేను నమ్మను. పందెం! చంపింది తమరేనని తేలితే తమ పల్లకీకి ఒక కొమ్ము నేను మోస్తాను. తేలకపోతే నా పల్లకీకి తమరు మోయాలి. కోట వాకిలి నుంచి అంగడి వీధి చివరిదాకా!"

"ఒప్పుకున్నాం!" అని రాజు పరివారం వైపు చెయ్యి చాపాడు. "వీళ్ళందరూ చూశారు. అంకన్నా, చెప్పు!"

అంకన్న ముందుకొచ్చి తల గోక్కున్నాడు. "ప్రభూ, సరిగ్గా ఆ వేళకే నా కంట్లో నలక పడింది."

"నలకా? సరే, గొడుగువాడా, నువ్వు చెప్పు!"

"నాకు గొడుగు అడ్డమొచ్చింది ప్రభూ."

"అడవిలో గొడుగెందుకురా?"

"తమరే పట్టమన్నారు ప్రభూ."

డప్పు కొట్టేవాడు చెప్పు తెగిందని వంగాడట. సేనాధిపతి గొంతు సవరించుకుని, తనకు అదే క్షణంలో తుమ్ము వచ్చిందనీ, తుమ్మేటప్పుడు కళ్ళు మూసుకుపోవడం ఎంతటి వీరుడికైనా తప్పదనీ మనవి చేశాడు. ఇక గుర్రపువాడైతే, "అసలు నేను వేటకు వచ్చానో లేదో కూడా జ్ఞాపకం లేదు ప్రభూ" అని చేతులు జోడించాడు.

ఉద్దండరాయలు దిక్కులు చూశాడు. పుట్టి బుద్ధెరిగిన తరవాత మొదటిసారి నిజంగా ఒక వీరుడి పని చేశాడు. అది చేశాడని చెప్పేవాడు ఒక్కడు లేడు.

"భట్టూ! నువ్వైనా చెప్పు!"

"నేను కింద గుర్రాల దగ్గర ఉన్నాను ప్రభూ. కేక విన్నాను. వినడం వేరు, చూడటం వేరు. చూడనిది చూశానని ఎలా చెప్పను?"

తిప్పరాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అర్థమైంది! ఎవరో బోయవాడు కొట్టిన చిరుతను ఎత్తుకొచ్చి తమదని చెప్పుకుంటున్నారు. నిండు కొలువులో ఫిర్యాదు చేస్తున్నాను, అందరూ వినండి. మా బావగారు చిరుతదొంగ!"

అప్పుడు పేరిభట్టు రెండడుగులు ముందుకు వేసి, తగాదాలు విన్నవించేటప్పటిలాగే, ఈసారి కంచుగొంతుతో పలికాడు.

"నల్లకోన ప్రభువులు తిప్పరాజుగారు అభియోగం తెచ్చారు. నేరం, చిరుతను దొంగిలించడం. నిందితుడు శ్రీ ఉద్దండరాయలవారు!"

"ఏమన్నావు?"

"క్షమించాలి ప్రభూ, పొరబడ్డాను. నిందితుడనే మాట మన రాజ్యంలో లేదు కదా." గొంతు మళ్ళీ పెంచాడు. "దోషి శ్రీ ఉద్దండరాయలవారు!"

రాజు సింహాసనం మీది నుంచి దూకినంత పని చేశాడు. కోపంలో "మేము" అనడం కూడా మరిచిపోయాడు.

"నేను దోషినా? ఎవడో ఒక మాట అన్నంత మాత్రాన దోషినైపోతానా? రుజువేదీ? విచారణ ఏదీ? అనడానికి ఎవరైనా ఏమైనా అంటారు. నింద పడటం వేరు, నేరం చేయడం వేరు!"

"ఆ మాట మరొక్కసారి సెలవియ్యండి ప్రభూ. వెనక ఉన్నవాళ్ళకు వినపడలేదు."

ఇంతలో వాకిట ఉన్న భటులకు రాజుగారి శాసనం గుర్తొచ్చింది. తగాదాతో గడప తొక్కిన ప్రతివాడూ దోషే. రాజుగారిని పట్టుకునే ధైర్యం వాళ్ళకు లేదు. అందుకని ఇద్దరు సంకెళ్ళు తీసుకుని తిప్పరాజు వైపు నడిచారు.

"నన్నా?" అని తిప్పరాజు కత్తి మీద చెయ్యి వేశాడు. అతని వెంట వచ్చిన నల్లకోన వీరులూ కత్తుల మీద చేతులు వేశారు. క్షణంలో పైడిదుర్గం కొలువు యుద్ధభూమి అయ్యేలా ఉంది.

"ఆగండి! ఆగండి!" అని రాజు అరిచాడు. "బుద్ధి లేదట్రా మీకు? ఆయన ఫిర్యాది! తన మాట చెప్పుకోవడానికి వచ్చాడు. చెప్పుకోవడానికి వచ్చినవాణ్ణి బంధిస్తారా?"

"మరి చూసినవాళ్ళ సంగతేమిటి ప్రభూ?" అన్నాడు పేరిభట్టు వినయంగా.

"చూసినవాడు చూసింది చెబుతాడు! అందులో వాడి తప్పేముంది? సాక్షిని ఎవడైనా చెరలో పెడతాడా? అలా పెట్టినవాడు ఒట్టి మూర్..."

రాజు నోరు అక్కడే ఆగిపోయింది. మిగతా సగం మాటను మింగేశాడు.

ఉద్దండరాయలు మెల్లగా సింహాసనంలో కూర్చున్నాడు. కిరీటం సర్దుకున్నాడు. అంకన్న వైపు, గొడుగువాడి వైపు, సేనాధిపతి వైపు చూశాడు. వాళ్ళందరి కళ్ళలోనూ ఉన్నది ఒకే భయమని మొదటిసారి ఆయనకు కనిపించింది.

"భట్టూ, వీళ్ళకు ఈ మాటలు నువ్వే నేర్పావు కదూ?"

"లేదు ప్రభూ. నేను గుర్తుచేసింది తమ శాసనం ఒక్కటే."

రాజు గడ్డం నిమురుకున్నాడు. చివరకు, "ఆ శాసనం రద్దయింది. చూసినవాళ్ళు నిర్భయంగా చెప్పండి. సాక్షి మీద ఈగ కూడా వాలదు" అన్నాడు.

అనడమే తడవు, కొలువంతా చూసినవాళ్ళే! అందరికంటే ముందు రాజవంటవాడు పరుగెత్తుకొచ్చాడు. "నేను చూశాను ప్రభూ! చిరుత తమ పాదాలకు మొక్కి మరీ ప్రాణం విడిచింది!"

"నువ్వు ఆ పూట వంటశాలలో గారెలు వేస్తున్నావు కదయ్యా" అన్నాడు పేరిభట్టు. "ప్రభూ, ఇతణ్ణి దొంగసాక్షి అంటారు. ఈ జాతి కూడా ఒకటుంది, కాస్త కనిపెట్టి ఉండాలి."

వంటవాడు వచ్చినంత వేగంగానూ వెనక్కి పోయాడు. తరవాత సేనాధిపతి మీసం సవరించుకుని, "ప్రభువులు చిరుత కళ్ళలోకి చూపు నిలిపి, చిరునవ్వుతో ఈటె విసిరారు" అన్నాడు.

"నేను నమ్మను" అన్నాడు తిప్పరాజు. "ఇంతకుముందే తుమ్ముతూ కళ్ళు మూసుకున్నావు కదయ్యా!"

చివరకు అంకన్న ముందుకొచ్చాడు. నేల చూపులు చూస్తూ, "ప్రభూ, ఉన్నది ఉన్నట్టు చెప్పమంటారా?" అని అడిగాడు.

"చెప్పు" అన్నాడు రాజు. ఆ మాట అనడానికి ఆయన కాస్త కష్టపడ్డాడు.

"చిరుత పొదలోంచి దూకింది. ప్రభువులు రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, 'అమ్మోయ్' అని కేకవేసి ఈటె విసిరారు. అది సూటిగా పోయి గుండెలో దిగింది. కళ్ళు తెరిచేసరికి చిరుత పడి ఉంది. 'దీన్ని ఎవడు చంపాడురా?' అని ప్రభువులే నన్ను అడిగారు. 'తమరే' అన్నాను. నమ్మలేదు. రెండోసారి చెబితే నమ్మారు."

తిప్పరాజు రెండు చేతులూ పైకెత్తాడు.

"నమ్మాను! ఇది నూటికి నూరుపాళ్ళు నిజం! కళ్ళు మూసుకోవడం, అమ్మోయ్ అనడం, ముమ్మూర్తులా మా బావగారే! ఓడిపోయాను. పల్లకీ తెప్పించండి."

అన్నమాట ప్రకారం తిప్పరాజు పల్లకీ కొమ్ము భుజాన పెట్టుకున్నాడు. అంగడి వీధి జనమంతా వింత చూడటానికి బయటికొచ్చారు. పల్లకీ ఎగుడుదిగుడుగా ఊగుతుంటే ఉద్దండరాయలు రెండు చేతులతోనూ అంచులు పట్టుకుని కూర్చున్నాడు. కళ్ళు మాత్రం మూసుకోలేదు.

తిరిగి కొలువుకు రాగానే పేరిభట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, నిందితుడికి విచారణ ఉండాలన్నారు. ఫిర్యాదిని బంధించరాదన్నారు. సాక్షి మీద ఈగ వాలరాదన్నారు. చెరసాల వసారాలో ఆ ముగ్గురూ ఇంకా ఉన్నారు."

రాజు చౌడమ్మను, బసివయ్యను, ఓబన్నను పిలిపించాడు. ఈసారి ఎవరినీ గద్దించలేదు. చౌడమ్మ చెప్పుకున్నది విన్నాడు. బసివయ్య చెప్పుకున్నదీ విన్నాడు. ఓబన్న తాను చూసింది మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. భటులు వెళ్ళి చూసి, బసివయ్య దొడ్డి కంపకు చిరుత వెంట్రుకలు, తెగిన తాడు పీచు ఇంకా అంటుకునే ఉన్నాయని వచ్చి చెప్పారు.

"బసివయ్య మీద పడింది నింద మాత్రమే. అతడు నిర్దోషి" అని రాజు తీర్పు చెప్పాడు.

చౌడమ్మ బసివయ్య చెయ్యి పట్టుకుంది. "నోటికొచ్చినట్టల్లా తిట్టాను గదా నాయనా. నీ కడుపు మాడ్చాను."

"నా మేక తాడు ఎవరింట్లోనైనా కనబడితే నేనూ అదే అనుకుందును పెద్దమ్మా" అన్నాడు బసివయ్య. "కాని కొన్ని తిట్లు మాత్రం కొత్తగా ఉన్నాయి. మా ఆవిడకు చెప్పబోకు."

జనం నవ్వారు. రాజు పేరిభట్టు వైపు తిరిగాడు. "ఫిర్యాది ఇక్కడుంది, సాక్షి ఇక్కడున్నాడు, నిందితుడు నిర్దోషి అని తేలింది. మరి దోషి ఎవడయ్యా?"

"దోషి తమ పాదాల ముందు పరుచుకుని ఉంది ప్రభూ. శిక్ష కూడా తమ చేతనే పడిపోయింది. ఒకే ఒక్క ఈటెపోటు."

ఉద్దండరాయలు చిరుతచర్మం వైపు చూశాడు. ముందు పెదవి కదిలింది, తరవాత భుజాలు కదిలాయి, ఆపైన పగలబడి నవ్వడం మొదలుపెట్టాడు. కిరీటం జారి ఒళ్ళో పడినా పట్టించుకోలేదు. తనను చూసి నలుగురూ నవ్వితే మండిపడిన మనిషి, తనను తాను తలుచుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

చౌడమ్మకు తన మందలోంచి రెండు పాడిమేకలు ఇప్పించాడు. చెరలో ఉన్నన్నాళ్ళూ పనులు చెడినందుకు బసివయ్యకు, ఓబన్నకు ధాన్యం, బట్టలు ఇప్పించాడు. శాసనం రద్దయిందని వీధివీధినా చాటింపు వేయించాడు. డప్పు చప్పుడు ఇంకా ఆగకముందే బట్టల మైలారయ్య, "మహాప్రభో, నాది చలువ మూట కాదు, దొంగిలించారు!" అని అరుచుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

ఆ సందడి సద్దుమణిగాక రాజు పేరిభట్టును దగ్గరికి పిలిచాడు.

"భట్టూ, నీకు మా మెడలోని ముత్యాలహారం బహుమతిగా ఇస్తున్నాం. అయితే ఒక్క సందేహం. ఫిర్యాది, నిందితుడు, సాక్షి, దోషి, అన్నీ నేర్చుకున్నాం. బహుమతి పుచ్చుకునేవాణ్ణి ఏమంటారు?"

"గ్రహీత అంటారు ప్రభూ."

"మంచిది. రేపో ఎల్లుండో, తీరిక చూసుకుని ఇస్తాంలే."

"తమ చిత్తం ప్రభూ" అన్నాడు పేరిభట్టు వంగి నమస్కరిస్తూ. "కాకపోతే ఇస్తానన్నది ఇవ్వడం ఆలస్యమైతే గ్రహీత వాది అవుతాడు. ఇస్తానన్నవారు ప్రతివాది అవుతారు. తిప్పరాజుగారు ఎలాగూ ఇక్కడే ఉన్నారు, ఆ మాట తమరు అనడం స్వయంగా విన్నారు కూడా."

"విన్నాను, విన్నాను!" అన్నాడు తిప్పరాజు భుజం రుద్దుకుంటూ. "సాక్షి సిద్ధం!"

ఉద్దండరాయలు మళ్ళీ పడిపడి నవ్వి, ఇంకొక్క క్షణం ఆలస్యం చేయకుండా ముత్యాలహారం తీసి పేరిభట్టు మెడలో వేశాడు.